నల్ల కారు నిండా గుండ్రటి సన్నగీతలు: మెషిన్ పాలిష్ షాపులో చేయించాలా, సొంతంగా చేసుకోవాలా?

నల్లవెర్నా_మియాపూర్
2021 వెర్నా, నలుపు. నీడలో చూస్తే బాగానే ఉంటుంది. సెల్లార్‌లో ట్యూబులైటు కిందికి రాగానే బానెట్ మీద, డిక్కీ మీద గుండ్రంగా తిరిగిన సన్నగీతలు లెక్కలేనన్ని. గోరుతో రాస్తే చేతికి ఏమీ తగలదు. డీటెయిలింగ్ షాపుకి తీసుకెళ్తే బండి చుట్టూ ఒక్క రౌండు కొట్టి "త్రీ స్టేజ్ కరెక్షన్ (మూడు విడతల పాలిష్), పైన సిరామిక్ పూత, ముప్పై ఎనిమిది వేలు" అన్నాడు. టార్చి వెయ్యలేదు, పెయింట్ మందం కొలిచే మీటరు పెట్టలేదు. ఇంకో షాపులో "రబ్బింగ్ కొట్టేస్తా, మూడు వేలు, గంటలో తీసుకెళ్లిపోండి" అన్నాడు. ఇంత తేడా ఎందుకు? మెషిన్ కొనుక్కుని నేనే చేసుకుంటే పెయింట్ పోతుందా? చేసినవాళ్లు చెప్పండి.

కరీంనగర్_పోరడు
గంటల కొట్టి ఇచ్చేటోని దగ్గరికి మాత్రం పోకు. మా బావ బండికి గట్లనే చేసిండ్రు. ఇచ్చినప్పుడు మస్తు మెరిసింది. నాలుగుసార్లు కడిగేసరికి పాత గీతలన్నీ మళ్ల తేలినయ్. పైంగ ఎండల పెడితే డోర్ల మీద అలలు అలలుగ కొత్త మరకలు.

డీఏ_దాసు
ఆ అలల్నే హోలోగ్రాములంటారు. రోటరీ, అంటే గుండ్రంగా మాత్రమే తిరిగే మెషిన్‌కి ఉన్ని ప్యాడ్ తగిలించి, గరుకు కాంపౌండ్‌తో ఒకసారి తిప్పి వదిలేస్తే వచ్చేవి అవే. తర్వాత ఫోమ్ ప్యాడ్‌తో సన్న పాలిష్ కొట్టి వాటిని తీసెయ్యాలి. గంటలో ఇచ్చేవాడికి అంత తీరిక ఎక్కడిది? నూనె, ఫిల్లర్ ఉన్న గ్లేజ్ ఏదో పైన పూసి పంపేస్తాడు. అది గీతల్లో చేరి కూర్చుంటుంది, షాంపూ తగిలేకొద్దీ దిగిపోతుంది. మీ బావగారి బండికి జరిగింది ఇదే.

@నల్లవెర్నా, సొంతంగా చేసుకునేట్టయితే డీఏ, అంటే డ్యూయల్ యాక్షన్ మెషిన్ తీసుకోండి. ప్యాడ్ తిరుగుతూనే పక్కకి కూడా ఊగుతుంది. ఆ ఊగే వెడల్పు మెషిన్‌ని బట్టి 8, 15, 21 మి.మీ. అలా ఉంటుంది. మామూలు డీఏని ఎక్కువ నొక్కితే ప్యాడ్ తిరగడం ఆగిపోతుంది, అందుకే పెయింట్ కాలే ప్రమాదం రోటరీతో పోలిస్తే చాలా తక్కువ.

బెజవాడ_పెయింటర్
దాసు గారూ, రోటరీని అంత తీసిపారెయ్యకండి. తప్పు మెషిన్‌ది కాదు, పట్టుకున్న చేతిది. ఆటోనగర్‌లో మేం పెయింట్ కొట్టాక దుమ్ము నలకలు పడితే 2000 నంబర్ పేపర్‌తో నీళ్లు పోస్తూ రుద్దుతాం, ఆ మసక తియ్యాలంటే రోటరీయే దిక్కు. డీఏతో కూర్చుంటే తెల్లారిపోద్ది. స్పీడు 1200, 1500 దాటనివ్వకుండా, ప్యాడ్‌ని పరుపుగా ఆనించి, ఒకచోట ఆపకుండా తిప్పితే ఏమీ కాదు.

అయితే తమ్ముడూ, నువ్వు ఎప్పుడూ మెషిన్ పట్టనివాడివి. నీకు డీఏనే. ఇందులో దాసు గారితో నాకు పేచీ లేదు.

డీఏ_దాసు
పెయింటర్ అన్నా, పేపర్ కొట్టిన ప్యానెల్ సంగతి వేరే, ఒప్పుకుంటా. కానీ సన్నగీతలకి కూడా షాపులన్నీ రోటరీయే ఎత్తుతున్నాయి. అక్కడే నా గొడవ.

మైక్రాన్_మూర్తి
మెషిన్ల గొడవకన్నా ముందు మందం గురించి మాట్లాడుకోవాలి. కంపెనీ పెయింట్ అన్ని పొరలూ కలిపి మామూలుగా 90 నుంచి 140 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కింద ప్రైమర్లు, వాటి మీద రంగు, అన్నిటికన్నా పైన రంగులేని పారదర్శక పొర, క్లియర్ కోట్. పాలిష్ పడేది ఆ క్లియర్ మీదే. అది సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు, మన తలవెంట్రుకకన్నా పల్చన. పాలిష్ గీతని పూడ్చదు, చుట్టూ ఉన్న క్లియర్‌ని గీత అడుగుదాకా అరగదీస్తుంది. అరిగింది మళ్లీ రాదు. ఎండని తట్టుకునే యూవీ రక్షణ కూడా ఆ పొరలోనే ఉంది. ప్రతి దీపావళికీ ఒక కటింగ్ (గరుకు కాంపౌండ్‌తో పాలిష్) కొట్టించుకుంటూ పోతే కొన్నేళ్లకి రూఫ్ మీద, బానెట్ మీద పొర తెల్లగా మాసి పొక్కులు లేస్తుంది. అప్పుడు పెయింట్ కొట్టించడం తప్ప దారి లేదు.

అందుకని మీటరు పెట్టని షాపులో బండి ఇవ్వకండి. ఆ మీటరు మొత్తం మందమే చూపిస్తుంది, క్లియర్ విడిగా ఎంతో చెప్పదు. ప్లాస్టిక్ బంపర్ మీద మామూలు మీటరు పనిచెయ్యదు. అయినా ఒక డోరు 115, పక్క డోరు 260 చూపిస్తే రెండోది మళ్లీ పెయింట్ పడిన డోరని తెలిసిపోతుంది. 80 చూపించిన చోట కటింగ్ జోలికి వెళ్లకూడదని తెలుస్తుంది.

బెజవాడ_పెయింటర్
లప్పం పెట్టిన చోటయితే మీటరు ఐదొందలు, వెయ్యి కూడా దాటుద్ది. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు ఆ మీటరు జేబులో పెట్టుకెళ్లండి, అమ్మేవాడి మాటల్తో పని ఉండదు.

స్విఫ్ట్2012
నాది తెల్ల స్విఫ్ట్. గీతలుంటే ఉండనియ్యండి, రోడ్డు మీద తిరిగే బండి. ఇంత డబ్బు పోసి పెయింట్ అరగదీయించుకోవడం దేనికి?

లావణ్య_ఐ20
తెలుపు మీద గీతలుంటాయి, కనపడవు, అంతే తేడా. నల్ల బండి ఉన్నవాళ్ల బాధ వేరు. కానీ ఇందాకట్నుంచి ఒక్కరూ అసలు విషయానికి రాలేదు. ఆ గీతలు వచ్చాయి ఎక్కడినుంచి? మీ అపార్ట్‌మెంట్‌లో రోజూ పొద్దున్నే కారు తుడిచే అబ్బాయి ఉన్నాడా?

నల్లవెర్నా_మియాపూర్
ఉన్నాడు. నెలకి ఇంతని ఇస్తాం. రోజూ తుడుస్తాడు.

లావణ్య_ఐ20
దొరికింది. మా బ్లాకులో ఒకసారి పొద్దున్నే కిందికి దిగి నిలబడి చూశాను. ఒకే బకెట్టు, ఒకే గుడ్డ, వరసగా అన్ని కార్లకీ. ముందు పొడిగుడ్డతో దుమ్ము దులుపుతాడు, తర్వాత తడిగుడ్డ. పక్కన కొత్త టవర్లు కడుతున్నారు, సిమెంటు దుమ్ము బానెట్ మీద చేత్తో గీస్తే రాలేంత ఉంటుంది. ఆ ఇసుకని గుడ్డ కింద పెట్టి గుండ్రంగా రుద్దుతుంటే గీతలు పడక ఏమవుతాయి? అతన్ని అనడానికీ లేదు, నీళ్లు ఎక్కువ వాడితే వాచ్‌మెన్ ఊరుకోడు, గంటన్నరలో అన్ని బళ్లూ అవ్వాలి.

నేను అతనికిచ్చే డబ్బు తగ్గించలేదు. "రోజూ వద్దు, అద్దాలు మాత్రం తుడువు చాలు" అన్నాను. వారానికోసారి బాడీ నేనే కడుగుతున్నా. ముందు నీళ్ల జల్లుతో ఇసుకంతా దిగేదాకా కొట్టడం, తర్వాత షాంపూ బకెట్టు ఒకటి, మిట్ (చేతికి తొడుక్కుని కడిగే మెత్తటి గ్లౌజు) జాడించే బకెట్టు ఒకటి. పైనుంచి కిందికి. ఆరబెట్టేటప్పుడు మైక్రోఫైబర్ టవల్ పరిచి అద్దడమే, రుద్దడం లేదు. పాలిష్ చేయించాక కూడా రోజూ పొడిగుడ్డ పడితే ఆ డబ్బంతా బూడిదలో పోసినట్టే.

మైక్రాన్_మూర్తి
లావణ్య గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. గీతలు గుండ్రంగా ఉన్నాయనుకుంటాం గానీ నిజానికి అవి అన్ని దిక్కుల్లోనూ అడ్డదిడ్డంగా ఉంటాయి. వాటిలో లైటుకి అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కాబట్టి లైటు చుట్టూ వలయాల్లా కనిపిస్తాయి. తల జరిపితే వలయం కూడా మీతోపాటు జరుగుతుంది, చూడండి. అందుకే నిలువుగా తుడిచినా గీత గీతే.

కాకినాడ_కాజా
పూజ సంగతి మర్చిపోయారండి. కొత్త బండి షోరూమ్ నుంచి తిన్నగా గుడికెళ్తుంది. బానెట్ మీద పసుపు, కుంకుమతో స్వస్తిక్ వేస్తారు, అది ఎండలో ఎండి గట్టిపడుతుంది. సాయంత్రం ఇంటికొచ్చాక పొడిగుడ్డతో గట్టిగా తుడుస్తారు. బండికి మొదటి గీతలు పడేది అక్కడేనండి. మా మావయ్య తెల్ల బండికైతే కుంకుమ రంగు కూడా దిగిపోయింది. నేనేం చేస్తానంటే ముందే బానెట్ మీద చిన్న పారదర్శక స్టిక్కర్ ముక్క అంటించి దాని మీద బొట్టు పెట్టిస్తాను. పంతులుగారు కూడా ఏమీ అనలేదండి.

కరీంనగర్_పోరడు
కాజా అన్న ఐడియా అదిరింది. దసరాకు గిదే చేస్తా.

న్యూజెర్సీ_రావు
ఇక్కడ తుడిచే అబ్బాయి లేడు గానీ బ్రష్షుల టన్నెల్ వాష్ ఉంది. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది కింద పట్టి తుప్పు తెస్తుంది కాబట్టి కడగక తప్పదు. చలికి బయట బకెట్టు పెట్టుకోలేం. అందరూ టన్నెల్‌లోకి పోనిస్తారు, ముందు కారు మీది ఇసుక ఆ బ్రష్షుల్లో ఉంటుంది. నేను బ్రష్షులేని టచ్‌లెస్ వాష్‌కే వెళ్తాను. దాని కెమికల్ ఘాటుకి వ్యాక్స్ తొందరగా పోతుంది, అయినా గీతలకన్నా నయం.

నల్లవెర్నా_మియాపూర్
కారు తుడిచే అబ్బాయితో ఇవాళే మాట్లాడాను, అద్దాలకే ఒప్పుకున్నాడు. ఇక సిరామిక్ సంగతి తేల్చండి. "9హెచ్ కాఠిన్యం, ఇక గీతలు పడవు" అని షాపువాడు తాళంచెవితో గీసి వీడియో కూడా చూపించాడు.

సిరామిక్_శీను
సిరామిక్ తప్పకుండా వేయించండి. నాది వేయించి రెండేళ్లు దాటింది, వాన పడితే నీళ్లు చుక్కలు చుక్కలుగా జారిపోతాయి, కడగడం సగం పని అయింది. పక్షి రెట్ట పడినా వెంటనే తీస్తే మరక పట్టట్లేదు.

మైక్రాన్_మూర్తి
శీను గారూ, జారడం, శుభ్రం తేలికవడం నిజం. 9హెచ్ మాట వేరు. అది పెన్సిల్ గట్టిదనంతో చేసే పరీక్ష. ఇసుకలో ఉండే క్వార్ట్జ్‌కి పెన్సిల్ సీసం ఏ మూలకి? కోటింగ్ మందం కూడా మహా అయితే ఒకట్రెండు మైక్రాన్లు. పొడిగుడ్డతో ఇసుక రుద్దితే దాని మీదా గీతలు పడతాయి. గీతలు ఆపాలంటే పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్), అదైతే 150 నుంచి 200 మైక్రాన్ల మందమున్న ఫిల్మ్. దాని మీద పడ్డ సన్నగీతలు వేడికి వాటంతటవే సర్దుకుంటాయి. కానీ బండి మొత్తానికి వేయించాలంటే లక్ష మాట.

సిరామిక్_శీను
గీతలు అసలు పడవని నేననలేదండి. మా షాపువాడూ అలా చెప్పలేదు. కడిగే అలవాటు మార్చుకున్నాకే వేయించాను, అందుకే నిలిచింది.

బెజవాడ_పెయింటర్
కోటింగ్ అమ్ముడుపోవడానికే కొందరు త్రీ స్టేజ్ అంటారు. గీతలు గోరుకి తగలట్లేదని నువ్వే చెప్పావు. అలాంటి బండికి మూడు స్టేజీలు దేనికి? ముందు చిన్న చోట చేసి చూడాల. తేలిగ్గా పోతే తేలిగ్గానే పోనియ్యాల.

నల్లవెర్నా_మియాపూర్
సరే, మెషిన్ తీసుకుంటున్నా. 15 మి.మీ. డీఏ, మధ్యరకం ధరలో. మొదట్నుంచి చివరిదాకా ఎలా చెయ్యాలో ఎవరైనా రాయండి.

డీఏ_దాసు
పెద్ద పోస్టే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

మొదట కడుగుడు, లావణ్య గారు చెప్పినట్టే. తర్వాత తడి ప్యానెల్ మీద చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని వేళ్లతో మెల్లగా నిమరండి. గరగర తగిలితే పెయింట్‌లో ఇనప రజను, తారు, సిమెంటు అంటుకుని ఉన్నట్టు. ఐరన్ రిమూవర్ కొడితే ఊదారంగులో కారుతుంది. మిగిలినదానికి క్లే (మురికిని లాగే మట్టిముద్దలాంటిది), బాగా తడి చేసుకుని. క్లే ముక్క కింద పడితే మళ్లీ వాడకండి. ఈ పని వదిలేసి పాలిష్ మొదలుపెడితే ఆ రజను ప్యాడ్‌లోకి చేరి కొత్త గీతలు పెడుతుంది.

బోరు నీళ్ల తెల్ల మరకలుంటే వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి కాసేపు ఉంచి కడిగెయ్యండి. పైన పేరుకున్న ఉప్పు పోతుంది. అప్పటికే క్లియర్‌లోకి కొరికిన మరకైతే పాలిష్‌తోనే పోవాలి, లోతుగా ఉంటే వదిలెయ్యాలి.

ప్యానెల్ అంచులు, బాడీ లైన్లు, రబ్బర్లు, బ్యాడ్జీలు అన్నిటికీ టేపు వెయ్యండి. అంచుల దగ్గర పెయింట్ పల్చగా ఉంటుంది, మొదట పోయేది అక్కడే.

ఇక టెస్ట్ స్పాట్. డిక్కీ మీద రెండడుగుల చోటు చాలు. అన్నిటికన్నా మెత్తటి జోడీతో మొదలుపెట్టండి: మెత్తటి ఫోమ్ ప్యాడ్, సన్న పాలిష్. మెంజెర్నా కంపెనీలో 3500, మెగ్వయర్స్ కంపెనీలో 205 లాంటివి. చాలకపోతే మెంజెర్నా 2500, మధ్యరకం ప్యాడ్. అదీ చాలకపోతేనే 400 లాంటి కటింగ్ కాంపౌండ్. ప్యాడ్ మీద బఠాణీ గింజంత నాలుగు చుక్కలు. మెషిన్ ఆన్ చెయ్యకముందే చుక్కల్ని ప్యానెల్ మీద అద్దండి, లేకపోతే గోడ దాకా చిమ్ముతుంది. తక్కువ స్పీడులో పరిచి, తర్వాత నాలుగు, ఐదు నంబర్లకి పెంచి నిదానంగా అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. ప్రతి వరసా ముందు వరసని సగం కప్పాలి. బ్యాకింగ్ ప్లేటు (ప్యాడ్ అంటించే ప్లేటు) అంచున మార్కర్‌తో ఒక గీత గీసుకోండి. గీత తిరుగుతూ కనిపిస్తే ప్యాడ్ తిరుగుతున్నట్టు, ఒకచోటే వణుకుతుంటే మీరు ఎక్కువ నొక్కుతున్నట్టు.

తుడిచాక అక్కడితో మురిసిపోకండి. పాలిష్‌లోని నూనె గీతల్ని కప్పేస్తుంది. ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)లో నీళ్లు కలిపి స్ప్రే చేసి తుడిచి, టార్చి ఏటవాలుగా వేసి చూడండి. అప్పుడు కనిపించేదే నిజం.

బెజవాడ_పెయింటర్
దాసు గారు బాగా రాశారు. రెండు ముక్కలు కలుపుతా. రోహిణి కార్తె ఎండలో ఆరుబయట పెట్టి చెయ్యబాకు, రేకు వేడికి పాలిష్ అద్దిన క్షణాన ఎండిపోద్ది, రుద్దితే గట్టి పొడి కింద గీతలు లేస్తాయి. రేకు మీద అరచెయ్యి ఆనించి ఉంచగలిగితేనే మొదలెట్టు. రెండోది, ప్యాడ్ మీద నీ బండి రంగు దిగితే ఆపి చూసుకో. కొన్ని పాత బళ్లకి క్లియర్ ఉండదు, రంగే పై పొర, అక్కడ దిగడం మామూలే. క్లియర్ ఉన్న బండికి రంగు దిగిందంటే మాత్రం క్లియర్ దాటిపోయినట్టే.

స్విఫ్ట్2012
అందుకేనా మా పాత బండికి చేత్తో వ్యాక్స్ పెట్టినా గుడ్డకి ఎరుపు దిగేది! ఇన్నాళ్లూ వ్యాక్స్ మంచిది కాదేమో అనుకున్నా.

బెజవాడ_పెయింటర్
అదే. ఎండకి పైరంగు మాసి దిగుద్ది. దానికి కటింగ్ వద్దు, సన్న పాలిష్ చాలు.

లావణ్య_ఐ20
ప్యాడ్లు ఎన్ని కావాలో ఎవరూ చెప్పలేదు. ఒక్కటి కొని బండంతా చెయ్యాలనుకునేరు. ప్యాడ్ కాంపౌండ్‌తో, అరిగిన క్లియర్‌తో నిండిపోతే కొయ్యదు, వేడెక్కుతుంది. ప్రతి భాగం అయ్యాక బ్రష్‌తో దులపాలి, మూడు నాలుగు మార్చుకుంటూ చెయ్యాలి. టవళ్లు కూడా అంతే, నేలమీద పడితే పక్కన పెట్టెయ్యడమే. ఉతికేటప్పుడు కంఫర్ట్ లాంటివి వెయ్యకండి, పోగులు పూత పట్టి నీళ్లు పీల్చవు.

నల్లవెర్నా_మియాపూర్
డిక్కీ మీద చేశా, ఫోటో పెట్టా. సగానికి టేపు వేసి ఒక పక్కే. 3500తో మెత్తటి ప్యాడ్ పెడితే గీతలు పల్చబడ్డాయి గానీ పోలేదు. 2500తో మధ్యరకం ప్యాడ్ పెట్టా. ఐపీఏతో తుడిచి టేపు పీకి టార్చి వేస్తే ఒక పక్క నల్లటి నలుపు, లైటు చుక్క ఒక్కటే కనిపిస్తోంది. రెండో పక్క ఎప్పట్లాగే గీతల వలయం. మా ఆవిడని పిలిచి చూపిస్తే "రెండు వేరే వేరే బళ్ల డోర్లలా ఉన్నాయి" అంది. ఒకటి రెండు లోతు గీతలు మిగిలాయి, సన్నబడ్డాయి గానీ ఉన్నాయి. వాటికి 400 పెట్టనా?

మైక్రాన్_మూర్తి
వద్దు. అంచులు గుండ్రబడ్డాయి కాబట్టే సన్నబడి కనిపిస్తున్నాయి. ఆ రెండింటి కోసం ప్యానెల్ మొత్తం తినెయ్యకండి. ఈ బండిని ఇంకో పదేళ్లు వాడేట్టయితే ఆ క్లియర్ మీకే కావాలి.

కరీంనగర్_పోరడు
మూడు వేల గంట షాపుకి, ముప్పై ఎనిమిది వేల షాపుకి మధ్యల గిది దొరికింది. ఫోటోల టేపు గీత సక్కగ కనిపిస్తుంది అన్నా, మస్తుంది.

కాకినాడ_కాజా
నాకో సందేహమండి. డోర్ల మధ్య స్తంభాల మీద ఉండే నిగనిగలాడే నల్ల ప్లాస్టిక్ పట్టీలకి కూడా ఇదే మెషిన్ వాడొచ్చా? మా బండికి అక్కడే ఎక్కువ గీతలండి.

డీఏ_దాసు
ఆ ప్లాస్టిక్ చాలా మెత్తన, చూపు పడితేనే గీత పడుతుంది. పెద్ద మెషిన్ వద్దు. మెత్తటి ఫోమ్ ముక్కతో చేత్తో సన్న పాలిష్ పెట్టండి, లేదంటే చిన్న మెషిన్. అయ్యాక అక్కడొక ఫిల్మ్ ముక్క అంటించేస్తే మళ్లీ చూడక్కర్లేదు. పీపీఎఫ్‌కి డబ్బు పెట్టాలంటే నేను మొదట పెట్టే చోటు అదే.

నల్లవెర్నా_మియాపూర్
ఆదివారం పొద్దున్నే రూఫ్, బానెట్ మొదలుపెడతా. సెల్లార్‌లో ప్లగ్ పాయింటు లిఫ్ట్ పక్కనే, ఎక్స్‌టెన్షన్ తెచ్చుకున్నా.

బెజవాడ_పెయింటర్
వైరు భుజం మీదుగా వెనక్కి వేసుకో తమ్ముడూ. రూఫ్ మీద చేసేటప్పుడు అది బానెట్ మీద ఈడ్చుకుపోద్ది. బెల్టు బకిలూ ఉంగరం తీసెయ్యి. రూఫ్ మీద మధ్య నుంచి నీ వైపుకే చెయ్యి, అవతలి సగానికి అటు తిరిగెళ్లు. మీద వాలి చేస్తే చొక్కా గుండీలే గీతలు పెట్టేస్తాయి.